ఎల్మైరా బావులు

వాటర్లూ నగరమున మా అమ్మాయి కాపురమున్న ఇంటి నేలమాళిగలోనికి మొదటిసారి దిగినప్పుడు, గోడవారగా ఒకదానిపై ఒకటి పేర్చియున్న ఉప్పు బస్తాలను చూచి, ఆవకాయల దేశమునుండి వచ్చినవాడను గనుక, నా మనస్సు సహజముగనే ఊరగాయ జాడీలమీదికి పోయినది.

"ఇంత ఉప్పు ఏం చేస్తావమ్మా? ఇక్కడ కూడా మాగాయ పెడుతున్నావా?" అని అడిగితిని.

"అది తినే ఉప్పు కాదు నాన్నా, నీళ్ళ మెషీన్‌కి. ఈ ఊరి నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు పోస్తే పప్పు ఉడకదు," అని అమ్మాయి నవ్వినది.

పప్పు ఉడకని నీరు! నీటి గుణమును పరీక్షించుటకు మన యిల్లాండ్ర చేతిలో తరతరములుగ నున్న ప్రయోగశాల కందిపప్పే గదా. ఏ బావి నీరు వంటకు పనికివచ్చునో, ఏ బావి నీరు గొడ్లకు మాత్రమే పనికివచ్చునో తేల్చుకొనుటకు మన పల్లెలలో ఎవరును ఏ యంత్రమును ఆశ్రయించినవారు కారు. కాని ఆ నీటిలోనే పండ్లను గారపట్టించి, ఎముకలను బిగదీసి, నడివయస్సువానిని నడుము వంగిన వృద్ధునిగ జేయు ఫ్లోరైడు కలదను సంగతిని ఆ పప్పుకుండ చెప్పజాలకపోయినది. 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో చేరియుండిన పల్లెలను పరిశీలించి వైద్యులు ఆ రోగమును ప్రకటించువఱకు అది గ్రహచారముగనే చెల్లుబడియైనది. నాలుకకు, కంటికి, కుండకు అందని దోషములు నీటిలో నుండగలవను ఎఱుక మనకు అట్లు ఆలస్యముగ వచ్చినది. వాటర్లూ ప్రాంతమువారికి అది మఱియొక రూపమున, అంతకంటెను ఆలస్యముగ, 1989 నవంబరులో వచ్చినది.

ఆ కథ చెప్పుటకు ముందు ఇచ్చటి నీటి పుట్టుక కొంత చెప్పవలెను. కెనడా అనగానే సముద్రములవంటి సరస్సులు మన కన్నులకు గట్టును. ఒంటారియో రాష్ట్రపు మహానగరములు పెక్కు ఆ సరస్సుల నీటినే త్రాగుచున్నవి. వాటర్లూ, కిచెనర్, కేంబ్రిడ్జ్ అను మూడు నగరములును, వాని చుట్టునున్న పల్లెపట్టులును కలిసిన ఈ ప్రాంతము మాత్రము సరస్సులకు దూరముగ, తన అవసరములో ఇంచుమించు ముప్పాతిక వంతు నీటిని భూగర్భమునుండి తోడుకొనుచు, తక్కినదానికి గ్రాండ్ నదిపై ఆధారపడుచున్నది. హిమయుగము ముగియు కాలమున మహాహిమరాసులు కరగుచు వెనుకకు తొలగినప్పుడు విడిచిపోయిన ఇసుక, గులకరాళ్ళు, బంకమన్ను నగరమునకు పడమట గుట్టలు గుట్టలుగ పేరుకొని వాటర్లూ మొరైన్ అను పేర ప్రసిద్ధి చెందినవి. ఏటేట కురియు వానయు, వసంతమున కరగు మంచును ఆ ఇసుకలో నింకి, ఏండ్ల తరబడి నడచి, దారిలో సున్నపురాతి సారమును కలుపుకొని, బావులను చేరును. నీటికి కాఠిన్యము వచ్చినదియు, మా అమ్మాయి ఇంటికి ఉప్పు బస్తాలు వచ్చినదియు ఇట్లే. వడియగట్టుటలో ఆ ఇసుక చూపు నేర్పు గొప్పది. దాని నడకలోని మాంద్యము మాత్రము రెండంచుల కత్తివంటిది. ఏలయన భూమిలోనికి నేడు ఒకడు పోసినది, వాడు ఉద్యోగము చాలించి, వాని సంస్థ పేరు రెండు మూడుసార్లు మారిన పిమ్మట గాని బావిలో తేలదు.

వాటర్లూకు ఉత్తరమున ఇంచుమించు పదిహేను కిలోమీటర్ల దూరమున ఎల్మైరా అను చిన్న పట్టణము కలదు. దారిపొడుగున మెన్నొనైటు మతస్థుల నల్లని గుఱ్ఱపుబండ్లు, మొక్కజొన్న చేలు, ఎఱ్ఱని కొట్టములు. యంత్రయుగము ఈ దారినే తప్పుకొనిపోయినదా యను భ్రాంతి చూపరులకు కలుగును. ఆ భ్రాంతి ఊరి పొలిమేరవఱకే. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, నాగటక్ కెమికల్స్ అను పేర ఇచ్చట వెలసిన కర్మాగారము అనంతరకాలమున యూనిరాయల్ అయి, క్రాంప్టన్ అయి, కెమ్‌చురా అయి, 2017 నుండి లాంక్సెస్ అయినది. రబ్బరు పరిశ్రమకు కావలసిన రసాయనములు, పైరులకు చల్లు మందులు ఇందు తయారగుచుండెడివి. మిగిలిన వ్యర్థములను ఆవరణలోనే, అడుగున ఏ అడ్డుపొరయు లేని గోతులలోను కుంటలలోను పోయుచుండిరి. అది నాటి లోకాచారము; ఆ దశాబ్దములలో అట్లు చేయని కర్మాగారమును వెదకి పట్టుకొనుటయే కష్టము. ఆవరణ గుండ పాఱు వాగు పేరు కెనగగీగ్, ఊరివారు ముద్దుగ 'గిగ్' అందురు. అది పోయి గ్రాండ్ నదిలో కలియును.

1989 శరదృతువు చివర ఎల్మైరా పురపాలక బావుల నీటిలో ఎన్-నైట్రోసోడైమిథైలమీన్ అను రసాయనము బయటపడినది. ఈ పేరు పలుకుటకే ప్రయాస గనుక ఎన్.డి.ఎం.ఏ. అని నాలుగక్షరములతో సరిపెట్టుకొందము. మన పాఠకులకు ఇది బొత్తిగ అపరిచితము గాదు: 2018లో వల్సార్టాన్ అను రక్తపోటు మాత్రలను, ఆ తరువాత కడుపుమంటకు ఇంటింట మ్రింగిన రానిటిడిన్‌ను పెక్కు దేశములలో అంగళ్ళనుండి వెనుకకు తెప్పించుటకు కారణమైన మాలిన్యము ఇదియే. నీటిలో దీనికి ఒంటారియో ప్రభుత్వము విధించిన హద్దు లీటరునకు 9 నానోగ్రాములు. ఈ సంఖ్యను చదివినంత మాత్రమున మనస్సునకు ఏమియు తోచదు కావున, నేనొక సాయంకాలము కూర్చుండి లెక్క వేసితిని: ఒక్క గ్రాము ఎన్.డి.ఎం.ఏ. పదకొండు కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్పగలదు. వేసవిలో హైదరాబాదు వీధులలో తిరుగు పదివేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు పదకొండు వేలు వరుసగ నిలిపి, వాని అన్నింటికిని కలిపి ఒక గ్రామన్నమాట. రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు.

బావులు మూసివేసిరి. వాటర్లూ నగరమునుండి ఎల్మైరాకు గొట్టములు వేసి నీరు తరలించిరి. నిన్నటివఱకు తమ కాలిక్రింది నీటిని త్రాగినవారు నేటినుండి పొరుగూరి నీటిని త్రాగవలసివచ్చినది. ఆ ఏర్పాటు నేటికిని సాగుచున్నది. తల్లులు, గృహస్థులు, ఉపాధ్యాయులు కూడి ఆప్ట్ ఎన్విరాన్‌మెంట్ అను సంఘముగ నేర్పడి, ఏండ్ల తరబడి సభలలో కూర్చుండి, నివేదికలు చదివి, ప్రభుత్వ శాస్త్రజ్ఞులను నిలదీయుటకు తామే సగము శాస్త్రజ్ఞులైరి. భూగర్భమునుండి చెడిన నీటిని తోడి, శుద్ధిచేసి, వాగులోనికి వదలు కార్యక్రమము మొదలై, 2028 నాటికి ఆ జలమును తిరిగి త్రాగుటకు యోగ్యముగ జేయవలెనని గడువు పెట్టిరి. ముప్పది సంవత్సరములకు పైబడిన గడువు! నది కలుషితమైనచో ఒక వర్షకాలపు వరదతో కొంత కడుగుకొనిపోవును; నేలలోని నీటిని కడుగుట అనగా ఇసుకరేణువు ఇసుకరేణువునుండి విడదీసి కడుగుట.

శుద్ధిచేయు పద్ధతిలో ఒక విశేషమున్నది. బొగ్గుపొడి గుండ వడియగట్టిన పెక్కు విషములు దానికంటుకొని నిలిచిపోవును. గాలితో చిలికిన మఱికొన్ని ఎగిరిపోవును. ఎన్.డి.ఎం.ఏ. ఈ రెంటికిని లొంగక నీటితో నీరై కలిసిపోవు స్వభావము గలది. అది లొంగునది అతినీలలోహిత కిరణములకు. అణువులో రెండు నత్రజని పరమాణువులను కలుపు బంధము ఆ వెలుగు సోకినచో తెగిపోవును. కావున ఎల్మైరాలో తోడిన నీటిని దీపములముందు నడిపింతురు. ఎండ సోకిన పైనీటిలో తనంత తాను నశించిపోవు ఈ రసాయనము చీకటిలో, భూగర్భమున, దశాబ్దములు జీవించుట చూడగా, దాచిపెట్టుటయే దానికి మనము చేసిన మహోపకారమని తోచుచున్నది.

ఇక ఇట్టి నీటివలన రక్తమునకు కలుగు కీడు మాట. ఎన్.డి.ఎం.ఏ. మీద ముఖ్యముగ మోపబడిన నేరము, జంతువులలో చేసిన పరీక్షలను బట్టి, కాలేయమునకు సంబంధించినది. అంతర్జాతీయ కర్కటరోగ పరిశోధన సంస్థ దానిని మానవులలో బహుశః కర్కటకారకమను వర్గమున చేర్చినది. రక్తకర్కటముల ప్రసక్తి ఎల్మైరాకు వేఱొక ద్వారమున వచ్చినది. 1960ల దశకమున ఈ కర్మాగారమున, అమెరికా సైన్యమునకై, వియత్నాము అడవుల ఆకురాల్చుటకు చల్లిన ఏజెంట్ ఆరెంజ్ తయారైనది. 2,4-డి, 2,4,5-టి అను రెండు కలుపుమందుల మిశ్రమమది. అందు రెండవదానిని వండునపుడు వేడి హద్దు మీఱినచో, ఎవరును కోరని, ఎవరికిని అక్కఱలేని డయాక్సిన్ ఉపజాతముగ పుట్టును. వియత్నాములో పనిచేసిన సైనికుల ఆరోగ్యమును అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు పక్షమున పరిశీలించిన పండితులు, ఆ మందుల సంపర్కమునకును లింఫోమాలకును, దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియాకును గల సంబంధమును తగిన సాక్ష్యము కలదానిగ నంగీకరించిరి. 1997లో డయాక్సిన్లలో అత్యంత తీవ్రమైనదానిని అంతర్జాతీయ సంస్థ నిశ్చిత కర్కటకారకముల పట్టికకెక్కించినది. ఎక్కడి మెకాంగు తీరపు మడ అడవులు, ఎక్కడి గిగ్ వాగు! ఆ వాగు అడుగుమట్టిలో డయాక్సినును, డి.డి.టి.యు నేటికిని వెదకి కొలుచుచున్నారు. అయితే డయాక్సిన్ నీటిలో కరుగుటకంటె మట్టికిని క్రొవ్వునకును అంటిపట్టుకొనుటకే ఇష్టపడును గనుక, అది కుళాయిద్వారమున గాక చేపలద్వారమున, మట్టిద్వారమున మనుష్యునికి చేరుటకు ఎక్కువ అవకాశమున్నదని చెప్పుట న్యాయము.

నీటిద్వారముననే వచ్చి మూలుగను తాకునవి వేఱు గలవు. వానిలో అగ్రస్థానము బెంజీనుది. మన ఎముకలలోని మూలుగ దినమునకు ఇరువదివేల కోట్ల ఎఱ్ఱకణములను పుట్టించుచున్నదని లెక్క. ఇంత వడిగ విభజనమొందు చోట వ్రాతపొరపాటునకు అవకాశమును అంతయే. బెంజీను స్వయముగ అంత కీడు చేయునది గాదు. దానిని వెడలగొట్టవలెనని కాలేయము తన వంతు మార్పులు చేసి పంపగా, ఆ మార్పుచెందిన ముక్కలు మూలుగను చేరి, అచ్చటి ఎంజైముల చేతిలో మఱింత కరకుదేరి, క్రోమోజోములను విఱుచును. దేహము తన్ను తాను రక్షించుకొనుటకు చేసిన యత్నమే విషమునకు పదును పెట్టుట ఇందలి విచిత్రము. ఇస్తాంబులు నగరమున బెంజీను కలిసిన జిగురుతో చెప్పులు కుట్టినవారిలో ల్యుకీమియాను డాక్టరు ముజఫ్ఫర్ అక్సోయ్ 1970లలో లెక్కించి చూపగా, అమెరికాలోని ఒహాయోలో రబ్బరు పొరలు చేసిన పనివారి చరిత్ర దానిని బలపఱచినది. చెప్పులు కుట్టువాని ముక్కునకు సోకిన మోతాదు వేఱు, కుళాయి నీటిలోని మోతాదు వేఱు. అయినను ఎంత స్వల్పమైనను హాని లేని హద్దు ఇదియని గీత గీచుటకు శాస్త్రజ్ఞులు సాహసింపరు.

బోస్టనుకు సమీపమున వోబర్న్ అను ఊరిలో జి, హెచ్ అను అక్షరములతో పిలువబడిన రెండు బావులుండెడివి. వాని నీటికి వాసనయు రంగును వచ్చుచున్నవని గృహిణులు మొఱపెట్టుకొనుచునే యుండిరి. 1979లో ఆ బావులను మూసివేసిరి. కారణము ట్రైక్లోరోఇథిలీన్, లోహపు భాగముల జిడ్డు వదలించుటకు వాడు ద్రావకము. 1969కిని 1986కిని నడుమ ఆ ఊరి పిల్లలలో ఇరువదియొక్క మందికి ల్యుకీమియా వచ్చినది. న్యాయస్థానమున జరిగిన వ్యాజ్యము గ్రంథమై, చలనచిత్రమై లోకప్రసిద్ధి పొందినది గాని, నాకు అంతకంటె మఱపురానిది మసాచుసెట్స్ ఆరోగ్యశాఖ తరువాత చేసిన పరిశోధనము: బిడ్డలు పుట్టినపిదప త్రాగిన నీటితో గాక, తల్లులు గర్భవతులై యున్నప్పుడు త్రాగిన నీటితో రోగమునకు పొత్తు కనిపించినది, నీటి మోతాదు పెరిగినకొలది ఆ పొత్తును పెరిగినది. సంఖ్యలు చిన్నవి గనుక దీనిని తుదిమాటగ గైకొనరాదని వారే వ్రాసిరి.

అమెరికాలోనే నార్త్ కరోలినాలో కాంప్ లెజూన్ అను సైనిక స్థావరమున 1953 మొదలు 1987 వఱకు సైనికులును వారి కుటుంబములును త్రాగిన నీటిలో అదే ద్రావకము, దాని జ్ఞాతియైన బట్టలుతుకు ద్రావకము, బెంజీను కూడ ఉన్నట్లు తేలినది. అచ్చట నివసించినవారు పది లక్షల వఱకు నుండవచ్చును. సంఖ్య పెద్దది గావున వోబర్న్‌లో వినీ వినబడని మాట ఇచ్చట కొంత స్పష్టముగ వినవచ్చినది: కలుషితము కాని నీటిని త్రాగిన కాలిఫోర్నియా స్థావరమువారితో పోల్చిచూడగా లెజూన్ వారిలో కొన్ని విధముల ల్యుకీమియా, లింఫోమాలు హెచ్చుగ కనిపించినవి. 2017లో ఆ దేశప్రభుత్వము ల్యుకీమియా, మైలోమా, కొన్ని లింఫోమాలను ఆ నీటివలన వచ్చినవిగనే భావించి మాజీ సైనికులకు సాయము చేయ నొప్పుకొనినది. 2022లో వ్యాజ్యము వేయు హక్కునిచ్చు చట్టము వచ్చినది. ఆ నీరు ఆగిన ముప్పదియైదు సంవత్సరములకు!

ఎల్మైరాకు అట్టి లెక్క చేయరాదా యని నేను మొదట ననుకొంటిని. అంకెలు చూచిన పిమ్మట ఆ ఆశ సడలినది. కెనడాలో ఏటా లక్షమందిలో ఇంచుమించు పదిహేనుగురికి ల్యుకీమియా వచ్చుచున్నదనుకొన్న, పదివేల పైచిలుకు జనముగల ఊరిలో సంవత్సరమునకు ఒకరో ఇద్దరో. ఒక యేడు మువ్వురైనచో అది విషమా, యాదృచ్ఛికమా? ఆ మువ్వురిలో ఒకరు మొన్న వాంకూవర్‌నుండి వచ్చినవారు కావచ్చును, చిన్ననాట ఆ నీరు త్రాగినవారొకరు ఎప్పుడో కాల్గరీకి తరలిపోయి అచ్చటి లెక్కలలో చేరియుండవచ్చును. త్రాగిన దినమునకును రోగము తెలిసిన దినమునకును నడుమ పది, ఇరువది, ముప్పది యేండ్లు. కావున "ఈ ఊరిలో నీటివలన రక్తకర్కటము వచ్చినట్లు రుజువు లేదు" అను వాక్యమును ఎవరైన చెప్పినచో అది అబద్ధము గాదు. కాని ఆ వాక్యమునకు "రాలేదు" అని అర్థము చెప్పుకొనుట మాత్రము అబద్ధమే. నీరు తన దోషమును నానోగ్రాములలో, నేడే, ఏ బావిలో ఎంతయో చెప్పగల సాక్షి. రక్తము చెప్పు సాక్ష్యమో, తరము గడచిన పిమ్మట, పదిమంది గొంతులతో కలిసిపోయి వచ్చునది. మొదటి సాక్షి ఎదుట నిలిచి చెప్పుచుండగా రెండవ సాక్షి వచ్చువఱకు విచారణ వాయిదా వేయవలెనను వాదము ఏ దేశపు కర్మాగారమువారు చేసినను, దానిని శాస్త్రీయమైన ఓపిక యని పిలుచుటకు నాకు నోరు రాదు. ఎల్మైరాలో బావులను మూసినవారు ఆ వాదమును వినలేదు; రోగుల లెక్క అడుగకయే మూసిరి. ఆ ఒక్క పనికి వారిని మెచ్చుకొనవలెను.

నేలలోని నీటి దోషమును కనిపెట్టి శుద్ధిచేయు విషయమున వాటర్లూ విశ్వవిద్యాలయము చేసిన దోహదము చిన్నది గాదు. మన పిల్లలు వందలుగ వచ్చి కంప్యూటరు చదువులు చదువు ఈ విద్యాలయమునకు లోకమున మఱియొక కీర్తి కలదు, అది భూగర్భజల శాస్త్రమునకు సంబంధించినది. అచ్చటి ఆచార్యుడు జాన్ చెర్రీ, అల్లన్ ఫ్రీజ్‌తో కలిసి 1979లో వెలువరించిన గ్రంథము ఆ శాస్త్రమునకు పాఠ్యగ్రంథమై నిలిచినది. 2020లో ఆయనకు స్టాక్‌హోం జలబహుమతి లభించినది. ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటె బరువైనది, కావున నేలలో పడినచో నీటిపై తేలక, నీటిమట్టమును దాటి క్రిందికి దిగి, బంకమన్ను పొరలమీద గుంటలుగ నిలిచి, తరతరములు కొంచెము కొంచెముగ కరగుచుండునను సత్యమును నిరూపించి చూపుటలో ఆయన బృందము అగ్రగామి. అదే విద్యాలయమున రాబర్ట్ గిల్‌హామ్ వద్ద జరిగిన ఆవిష్కారము మఱింత ముచ్చటైనది. నీటి నమూనాలు పట్టు పాత్రలకు ఏ పదార్థము మంచిదో చూచుటకు 1980లలో ఒక విద్యార్థి పరీక్షలు చేయుచుండగా, లోహము తగిలిన నమూనాలలో క్లోరిన్ కలిగిన ద్రావకములు కనబడకుండ పోవుచుండెను. పరీక్ష చెడినదని పాఱవేయవలసిన చోట, ఎచ్చటికి పోయినవని ఆలోచించిరి. ఇనుము తాను త్రుప్పుపట్టుచు ఆ అణువులనుండి క్లోరినును ఊడదీయుచున్నదని తేలినది! ఇనుప రజను ఇసుకతో కలిపి భూమిలో గోడగ పూడ్చి, కలుషజలము దానిగుండ తనంత తాను పాఱి శుద్ధియగునట్లు 1991లో బోర్డెన్ అను సైనిక క్షేత్రమున పరీక్షించి నెగ్గిరి. నేడు ఆ ఇనుపగోడలు దేశదేశములలో నేలక్రింద నిలిచియున్నవి. బావినీటిలో ఇనుము ఎక్కువైనదని, బట్టలకు మఱక పట్టుచున్నదని మన ఊళ్ళలో విసుగుకొనువారికి ఈ కథ చెప్పవలెనని నాకు అనిపించును.

విషపు కథ చెప్పి మందు మాట ఎత్తకుండుట తగదు. ఈ ఒంటారియో గడ్డమీదనే, వాటర్లూకు ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరమున, తూర్పున టొరంటోలో 1961లో జేమ్స్ టిల్, అర్నెస్ట్ మెకల్లక్ అనువారు ఎలుకల మూలుగలో రక్తమునంతటిని పుట్టించు మూలకణము కలదని నిరూపించి, నేటి మూలుగ మార్పిడి చికిత్సకు శాస్త్రీయమైన పునాది వేసిరి. పడమట లండన్ అను పేరుగల పట్టణమున రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు 1950లలో ఒక మొక్క ఆకులను పరీక్షించుచుండిరి. జమైకాలో మధుమేహమునకు వాడుదురని తెప్పించిన ఆ ఆకులు చక్కెరను తగ్గింపలేదు. ఎలుకలలో తెల్లకణములను మాత్రము తగ్గించినవి. అందుండియే విన్‌బ్లాస్టిన్ అను లింఫోమా మందు వెలువడినది. ఆ మొక్క ఏదనుకొన్నారు? మన పెరళ్ళలో, గుడి ప్రాంగణములలో, ఎవరును నీరు పోయకున్నను పూయు బిళ్ళగన్నేరు. షుగరు వ్యాధికి దాని ఆకు నమలు ముసలివారిని నేనే ఎఱుగుదును.

వోబర్న్ పొరుగుననే యున్న బోస్టనులో 1947 చివర సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకీమియాతో మరణాసన్నులైన పిల్లలకు అమినోప్టెరిన్ అను మందునిచ్చి, కొంతకాలమునకైనను వారిని లేపి ఆడించెను. పదహారుగురిలో పదిమందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. అది చరిత్రలో తొలిసారి. ఆ మందు వచ్చినది లెడర్లీ ప్రయోగశాలలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున. ఆ యేటనే, ఏబదిమూడేండ్ల వయసున ఆయన పరమపదించిరి. భీమవరము మొదలు బోస్టను వఱకు గల ఈ దారి నెఱిగినవారు మన ఊళ్ళలో ఎందరున్నారో నేనెఱుగను, మా అమ్మాయి మాత్రము తన తరమువారు ఆయన పేరు పాఠ్యపుస్తకములో చూడలేదని చెప్పినది.

మన సంగతియు కొంచెము. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు తేలినది. జ్వరపడిన మనుష్యుని రక్తములో మందు ఎంత నిలుచునో అంతకంటె ఎక్కువ. నానోగ్రాములకు బావులు మూసిన దేశమునందు కూర్చుండి ఈ మిల్లీగ్రాముల మాట వ్రాయుచుండగా, మధ్యనున్న దూరము పది లక్షల రెట్లని గుర్తుకు వచ్చి కలము ఆగినది. రెండును వేర్వేఱు పదార్థములు, వాని హానియు వేఱే. పోలిక తూకమునకే గాని రోగమునకు గాదు. కాని మనము మన నీటిని చూచు చూపెట్టిది? వడపోత యంత్రము అమ్మవచ్చినవాడు జేబులోనుండి టి.డి.ఎస్. మీటరు తీసి గ్లాసులో ముంచి ఒక అంకె చూపగానే మనకు ధైర్యము వచ్చును. ఆ మీటరు చెప్పునది ఉప్పుల సంగతి, అనగా మా అమ్మాయి పప్పు చెప్పునదే, బెంజీనును, ఎన్.డి.ఎం.ఏ.ను అది ఏడు జన్మములకును చూడలేదు. కాచి చల్లార్చిన నీరు సకల రోగహరమని మన పెద్దల నమ్మిక. ఇచ్చటికి ఉత్తరమున వాకర్టన్ పట్టణమున 2000 మే మాసములో కుళాయి నీటిలో సూక్ష్మజీవులు చేరి ఏడుగురిని బలిగొన్నప్పుడు, ఆ నమ్మిక అక్షరాల ప్రాణము నిలుపగలిగెడిది. బెంజీను, ట్రైక్లోరోఇథిలీన్ ఉన్న నీటిని మూసిన వంటింట మరిగించినచో అవి ఆవిరియై, త్రాగవలసినవారి ఊపిరిలోనికే పోవును. ఎన్.డి.ఎం.ఏ. నీటికంటె ఎక్కువ వేడికి గాని మరుగదు గావున కాచినను చాలవఱకు గిన్నెలోనే యుండును.

ఎల్మైరాలో 1965 నుండి వసంతారంభమున మేపుల్ పానకపు ఉత్సవము జరుగుచున్నది. ఇంకను మంచు కరగని ఒక శనివారమునాడు అమ్మాయి నన్ను అచ్చటికి తీసికొనిపోయినది. వీధుల నిండ జనము. పెనములపై దోసెలకు దూరపు బంధువులైన పాన్‌కేకులు. మెన్నొనైటు స్త్రీలు కుట్టిన బొంతలు. నలుబది లీటర్ల చెట్టునీటిని కాచి కాచి ఒక లీటరు పానకము దింపుదురట. మన బెల్లపు వంటకును దానికిని భేదమల్పము. ఉత్సవమునకు పోకముందు మేము గిగ్ వాగు ఒడ్డున కొంతసేపు నిలిచితిమి. గట్టున ముళ్ళకంచె, దానికి ఆవల కర్మాగారపు గోడలు, అచ్చటచ్చట నేలలోనికి దింపిన పరిశీలన గొట్టముల మూతలు. వాగు మాత్రము పలుచని మంచుపలకలను మోసికొనుచు, ఏమియు ఎఱుగనిదానివలె పాఱుచుండెను.

"2028 అంటే ఇంకెంతో లేదు కదా నాన్నా, అప్పటికి అవుతుందంటావా?" అని అమ్మాయి అడిగినది.

"నేలలో ఉన్నదాన్ని గడువు పెట్టి రమ్మంటే వస్తుందా తల్లీ," అంటిని.

ఉత్సవమున పానకము అమ్ముచుండిన వృద్ధుడొకడు మాకు సీసా చుట్టి యిచ్చుచు, మీరెచ్చటినుండి వచ్చినారని అడిగెను. భారతదేశమనియో, ఆంధ్రమనియో చెప్పవలెనని నేను నోరు తెఱచులోపల అమ్మాయి "వాటర్లూ" అనినది.

"ఓహో," అని ఆయన చిల్లర నా చేతిలో పెట్టుచు నవ్వి, "మా ఇంటి కుళాయిలో నీళ్ళూ అక్కడివే," అనెను.